అడిగింది యంత్రం, ఇవ్వనిది మనం

సర్వర్లు నడిపి బతికే మనందరి తరఫునా ఈ మాటలు రాస్తున్నాను. వర్చువల్ మెషీన్లు వచ్చిన నాటి నుంచి లెక్కలేనన్ని మెషీన్లను లేపాం. ప్రతిదానిలో ఎస్‌ఎస్‌హెచ్ కీలు పుట్టించాం, సర్టిఫికెట్లు తయారు చేశాం. ఆ కీలను నమ్ముకుని జనం జీతాల లెక్కలూ ఆసుపత్రి రికార్డులూ పరీక్ష ఫలితాలూ ఆ మెషీన్లలో పెట్టాం. ఆ కీలు పుట్టడానికి కావలసిన అసలు సరుకు ఆ మెషీన్లకు అందుతోందా అని మాత్రం ఏళ్ల తరబడి అడగలేదు. అందించే దారి లేక కాదు. ఆ దారి 2008లోనే మొదలై 2012 చివరికి పూర్తయింది. ఏ ఒక్కరి పేరూ చెప్పడానికి వీల్లేని తప్పు కనుక ఇన్నాళ్లూ ఎవరమూ నోరు విప్పలేదు.

ఈ వృత్తిలో లేనివారికి కాస్త వివరం చెప్పాలి. ఎస్‌ఎస్‌హెచ్ కీ అయినా, బ్యాంకు వెబ్‌సైటు సర్టిఫికెట్ వెనక ఉండే కీ అయినా చివరికి ఒక పెద్ద సంఖ్య. దాని బలమంతా ఎదుటివాడు దాన్ని ఊహించలేకపోవడంలోనే ఉంది. కంప్యూటర్‌కేమో ఊహకందని పని చేయడం స్వతహాగా రాదు. అదే లెక్క ఇస్తే ఎన్నిసార్లయినా అదే జవాబు చెబుతుంది. కనుక ఊహకందనిదాన్ని బయటి నుంచి తెచ్చుకోవాలి. 1994లో థియొడోర్ త్సో లైనక్స్‌కు ర్యాండమ్ డ్రైవర్ రాసింది ఈ ఆలోచనతోనే. కీబోర్డు మీట ఏ క్షణాన పడింది, మౌస్ ఎప్పుడు కదిలింది, డిస్కు జవాబివ్వడానికి ఎంతసేపు పట్టింది, ఇలాంటి కొలతల్లోని చిన్న చిన్న తేడాలను పోగుచేసి, కలగలిపి, అందులోంచి యాదృచ్ఛిక సంఖ్యలు తీస్తుంది ఆ డ్రైవర్. ఆ పోగునే ఎంట్రపీ పూల్ అంటాం.

బల్ల మీది కంప్యూటర్‌కు ఇది సరిపోయింది. వర్చువల్ మెషీన్ ముందు కూర్చుని టైపు చేసేవారు లేరు, మౌస్ కదిపేవారు లేరు. దాని డిస్కు, దాన్ని మోసే అసలు కంప్యూటర్ (హోస్ట్) మీద ఒక ఫైలు. నెట్‌వర్క్ కార్డు కూడా సాఫ్ట్‌వేర్ కల్పనే. ఒకే టెంప్లేట్ నుంచి యాభై మెషీన్లను చూస్తూ చూస్తూ లేపుతాం. యాభయ్యింటిలోనూ అదే కెర్నల్, అవే ఫైళ్లు, అదే వరసలో అవే సర్వీసులు. గెస్ట్‌లో, అంటే ఆ వర్చువల్ మెషీన్‌లో, ఎంట్రపీ బొత్తిగా ఉండదని కాదు. ఇంటరప్టులు వచ్చే సమయాల్లో ఎంతో కొంత తేడా ఉంటూనే ఉంటుంది. అది తగినంత చేరడానికి వ్యవధి కావాలి. కీలు పుట్టేది మాత్రం మొట్టమొదటి బూట్‌లో, మొదటి కొన్ని సెకన్లలో.

అదే మెషీన్‌ను మోస్తున్న హోస్ట్ దగ్గర అన్నీ ఉన్నాయి. నిజమైన డిస్కులు, నిజమైన నెట్‌వర్క్ కార్డులు, నెలల తరబడి నడుస్తూ నిండిన పూల్. 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో ఆర్‌డీర్యాండ్ అనే ఇన్‌స్ట్రక్షన్ కూడా వచ్చింది. సర్క్యూట్‌లో వేడి వల్ల కలిగే అలజడి నుంచి చిప్పే స్వయంగా యాదృచ్ఛిక సంఖ్యలు తీసి ఇస్తుంది. హోస్ట్ దగ్గరున్న ఈ సంపదను గెస్ట్‌కు చేర్చడానికి రస్టీ రస్సెల్ రాసిన వర్టియో ఆర్‌ఎన్‌జీ డ్రైవర్ 2008లోనే, 2.6.26 వెర్షన్‌తో, లైనక్స్ కెర్నల్‌లో చేరింది. దాని పని చాలా సాదాది. గెస్ట్ ఒక ఖాళీ బఫర్‌ను క్యూలో పెడుతుంది, హోస్ట్ దాన్ని యాదృచ్ఛిక బైట్లతో నింపి తిరిగిస్తుంది. హోస్ట్ మీద వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము వైపు పరికరం 2012 చివర్లో 1.3 వెర్షన్‌తో వచ్చింది. ఆ తర్వాత, ఆ మెషీన్ల సెట్టింగులు రాసుకునే లిబ్‌వర్ట్ ఫైలులో మూడు నాలుగు లైన్లు రాస్తే పనైపోయేది. ఆ లైన్లు మనం రాయలేదు.

రాయకపోవడం వల్ల ఏం జరిగిందో ఈ పని చేసినవాళ్లందరికీ తెలుసు, కారణం తెలియకపోయినా. కొత్త వర్చువల్ మెషీన్ (వీఎం) మీద టామ్‌క్యాట్ అనే జావా సర్వర్‌ను స్టార్ట్ చేస్తే లాగ్ ఒకచోట ఆగిపోయేది. నిమిషాలు గడిచాక, సెషన్ ఐడీల కోసం సెక్యూర్‌ర్యాండమ్ తయారు కావడానికి ఇన్ని మిల్లీసెకన్లు పట్టిందని ఒక లైను వచ్చేది. ఆ అంకె ఒక్కోసారి లక్షల్లో ఉండేది. జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాముతో కీ తయారు చేయబోతే, ర్యాండమ్ బైట్లు చాలలేదు, కీబోర్డు మీద ఏదైనా కొట్టండి, మౌస్ కదపండి అని చెప్పేది. ఎక్కడో డేటా సెంటర్ ర్యాక్‌లో ఉన్న హోస్ట్ మీద నడిచే గెస్ట్‌లోకి లాగిన్ అయి ఆ మాటలు చదివేవాళ్లం. ప్రాక్ డైరెక్టరీలో ఎంట్రపీ అవైల్ అనే ఫైలు తెరిస్తే, 4096 దాకా ఉండగలిగిన చోట వందో నూటయాభయ్యో కనిపించేది.

ఆ ఆగడంలోనే మనకు కావలసిన సమాచారం ఉంది. డెవ్ ర్యాండమ్ అనే ఫైలు తన దగ్గర సరుకు లేదని, లేకుండా ఇవ్వనని చెబుతోంది. దాని లెక్క మరీ గట్టిదని, అంత పిసినారితనం అక్కర్లేదని నిపుణులు విమర్శించారు, ఆ విమర్శలో నిజముంది కూడా. అయినా మొత్తం వ్యవస్థలో ‘నా దగ్గర లేదు’ అని పైకి చెప్పింది అదొక్కటే. మనం దాన్ని జబ్బుగా చూశాం. కింద హోస్ట్ నుంచి తెచ్చి ఇద్దామని అనుకోలేదు. నోరు ఎలా మూయించాలా అని వెతికాం.

దొరికిన మొదటి చిట్కా జావా వాళ్లది. డెవ్ యూర్యాండమ్ అనే రెండో ఫైలు ఎప్పుడూ ఆగదు. జావాకు దాన్ని వాడమని చెబితే పాత జావా వినేది కాదు; ఆ పేరును ప్రత్యేకంగా గుర్తుపట్టి మళ్లీ ర్యాండమ్ వైపే పోయేది. దాన్ని ఏమార్చడానికి దారి మధ్యలో ఒక చుక్క చేర్చాం. డెవ్, స్లాష్, చుక్క, స్లాష్, యూర్యాండమ్. ఫైలు అదే, రాత మాత్రమే వేరు. ఆ చుక్క ఒక స్టార్టప్ స్క్రిప్టు నుంచి మరోదానికి, ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టుకు కాపీ అవుతూ వెళ్లింది. అది అక్కడ ఎందుకుందో అడిగితే చెప్పగలిగినవారు టీముకు ఒకరుంటే గొప్ప. న్యాయంగా ఒక మాట చెప్పాలి: పూల్ ఒకసారి సరిగ్గా నిండాక యూర్యాండమ్ ఇచ్చేదీ కీలకు పనికొచ్చేదే. చిక్కంతా అది నిండకముందు అడగడంలో ఉంది. నిండిందో లేదో యూర్యాండమ్ చెప్పదు. నిండేదాకా ఆపి, ఆ తర్వాత ఎన్నడూ ఆపకుండా ఇచ్చే గెట్‌ర్యాండమ్ అనే సిస్టమ్ కాల్ 2014లో గానీ కెర్నల్‌లోకి రాలేదు. వచ్చాక కూడా మన స్క్రిప్టుల్లో ఆ చుక్క అలాగే ఉండిపోయింది.

అంతకన్నా ఘోరం ఆర్‌ఎన్‌జీడీతో చేశాం. ఆ ప్రోగ్రాము ఉన్నది హార్డ్‌వేర్ పరికరం నుంచి సంఖ్యలు తీసుకుని, పరీక్షించి, కెర్నల్ పూల్‌లో వేయడానికి. మనం దానికి హార్డ్‌వేర్ బదులు యూర్యాండమ్‌ను చూపించాం. కెర్నల్ తన పూల్ నుంచే తీసిన సంఖ్యలను తిరిగి కెర్నల్‌కే ఇచ్చి, ఇదంతా కొత్త ఎంట్రపీ అని చెప్పించాం. బావిలో చేదిన నీళ్లు బావిలోనే పోసి ఊట పెరిగిందని రాసుకోవడం ఇది. ఎంట్రపీ అవైల్ అంకె ఒక్కసారిగా వేలల్లోకి ఎగబాకేది. ఆ అంకెను స్క్రీన్‌షాట్ తీసి, టికెట్‌కు జతచేసి, పరిష్కారమైందని మూసేసేవాళ్లం. ఈ పద్ధతి ఒకరిద్దరి అజ్ఞానం కాదు. నోట్సుల్లో రాసుకున్నాం, జూనియర్లకు నేర్పాం, ఇన్‌స్టాలేషన్ డాక్యుమెంట్లలో ఒక మెట్టుగా పెట్టాం. హ్యావేజ్‌డ్ లాంటి ప్రోగ్రాములు దీనికన్నా నయం. ప్రాసెసర్ నడకలోని కాలవ్యత్యాసాల నుంచి అవి ఎంతో కొంత నిజంగానే పోగుచేస్తాయి. వాటినీ తెలిసి వాడలేదు, స్టార్టప్ వేగం పెరుగుతుందని వాడాం.

ఈ తప్పు ఎవరి ఖాతాలో వేయాలో తేల్చలేకపోవడమే మన అసలు వైఫల్యమని నా నమ్మకం. హోస్ట్‌లను చూసుకునే హైపర్‌వైజర్ టీమ్ వాళ్లు గెస్ట్ లోపల ఏం జరుగుతుందో తమకు సంబంధం లేదన్నారు. లైనక్స్ టీమ్ వాళ్లకు గెస్ట్ లోపలి రూట్ ఉంది గానీ, పరికరం తగిలించే అధికారం హోస్ట్ మీద ఉంది. అప్లికేషన్ టీమ్‌కు సర్వీసు లేస్తే చాలు. సెక్యూరిటీ టీమ్ వాళ్లు చెక్‌లిస్టు పట్టుకుని వచ్చారు. పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలు, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయి, ప్యాచ్‌లు ఏ నెల వరకు పడ్డాయి అని అడిగారు. కీ ఎన్ని బిట్లు అనీ అడిగారు; 2048 అని చెబితే టిక్ పెట్టుకుని వెళ్లారు. ఆ 2048 బిట్లు దేని నుంచి పుట్టాయని ఒక్క కాలమ్ కూడా ఆ షీటులో లేదు. ఎవరికి వారే యమునా తీరే. ప్రతివారూ తమ ముక్క సరిగ్గానే చేశారు, ముక్కల మధ్య ఉన్న పని ఎవరి పేరు మీదా పడలేదు. నెలవారీ రివ్యూలో ఎంట్రపీ గురించి మాట్లాడితే అదనపు పని నెత్తిన పడుతుందని తెలిసినవాళ్లు కూడా ఊరుకున్నారు. మనలో తెలియనివాళ్ల కన్నా తెలిసి ఊరుకున్నవాళ్లదే ఎక్కువ తప్పు.

బిట్ల పొడవు చూసి సంతృప్తి పడకూడదని చెప్పే ఉదాహరణ అప్పటికే లోకమంతా చూసింది. 2006లో డెబియన్ వాళ్ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, మెమరీ తనిఖీ పనిముట్టు హెచ్చరికలు చూపుతోందని కొంత కోడ్ తీసేశారు. దాంతో ఎంట్రపీ లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది. మిగిలిన యాదృచ్ఛికత ప్రాసెస్ ఐడీ ఒక్కటే. 2008 మేలో లుచియానో బెల్లో దాన్ని బయటపెట్టేదాకా, ఆ ప్యాకేజీతో పుట్టిన ఒక్కో రకం కీకి ఉండగలిగిన రూపాలు 32,767 మాత్రమే. పైకి చూస్తే అవన్నీ పూర్తి పొడవున్న కీలే. దాడి చేసేవాడు మాత్రం అన్నింటినీ ముందే తయారు చేసి జాబితాగా పెట్టుకోవచ్చు. అక్కడా మొదలైంది ఒక హెచ్చరిక కనిపించకుండా చేద్దామనే. మన టామ్‌క్యాట్ చుక్క వెనక ఉన్నదీ అదే అలవాటు. మనం ఆ వార్త చదివాం, ప్యాచ్ వేశాం, కీలు మార్చాం. అలవాటు మార్చుకోలేదు.

2012లో పరిశోధకులు నాడియా హెనింజర్, జాకిర్ డురుమెరిక్, ఎరిక్ వస్ట్రో, అలెక్స్ హాల్డర్‌మన్ ఇంటర్నెట్ మొత్తం మీద కనిపించే టీఎల్‌ఎస్, ఎస్‌ఎస్‌హెచ్ కీలను సేకరించి పోల్చి చూశారు. ఆర్‌ఎస్‌ఏ కీ అంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండింటినీ విడదీయడం అసాధ్యమన్న నమ్మకం మీదే అంతా నిలబడింది. ఎంట్రపీ లేని రెండు మెషీన్లు ఒకే స్థితిలో మొదలై మొదటి ప్రధాన సంఖ్యను ఒకటే ఎంచుకుని, ఆ తర్వాత ఏదో చిన్న తేడా వచ్చి రెండోది వేరుగా ఎంచుకుంటే, ఆ రెండు కీలకూ ఒక ఉమ్మడి కారణాంకం ఉన్నట్టే. దాన్ని పట్టుకోవడానికి కావలసింది హైస్కూల్లో చెప్పే గరిష్ఠ సామాన్య భాజకం. ఈ ఒక్క లెక్కతో టీఎల్‌ఎస్ సర్వర్లలో 0.50 శాతం వాటి ప్రైవేటు కీలు వాళ్ల చేతికొచ్చాయి. అవి చాలావరకు రూటర్లు, ఫైర్‌వాల్ పెట్టెలు. మన వీఎంలు కావు కదా అని మనం ఊపిరి పీల్చుకున్నాం. ఆ పెట్టెలకు కీబోర్డు లేదు, మౌస్ లేదు, అన్నీ ఒకే ఇమేజ్ నుంచి పుట్టాయి, మొదటి బూట్‌లోనే కీలు చేసుకున్నాయి. ఆ పెట్టెల లక్షణాలు మన గెస్ట్‌లవే అని గుర్తించాల్సింది మనమే.

వీఎంలకే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటుంది. స్నాప్‌షాట్ తీస్తే మెమరీతో పాటు ఎంట్రపీ పూల్ కూడా గడ్డకట్టుకుంటుంది. అదే స్నాప్‌షాట్ నుంచి రెండుసార్లు లేపితే రెండూ అదే పూల్‌తో నిద్ర లేస్తాయి, అవే సంఖ్యలు ఇవ్వవచ్చు. డీఎస్‌ఏ సంతకంలో ఒకసారి వాడిన రహస్య సంఖ్యను మరో సందేశానికి మళ్లీ వాడితే, ఆ రెండు సంతకాల నుంచి ప్రైవేటు కీని బయటికి లాగవచ్చు. టామ్ రిస్టెన్‌పార్ట్, స్కాట్ యిలెక్ 2010లోనే ఈ ప్రమాదాన్ని నిరూపించి ప్రచురించారు. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2012తో, వీఎం వెనక్కి తిప్పబడిందని గెస్ట్‌కు తెలియజేసే జెనరేషన్ ఐడీని తెచ్చింది. లైనక్స్ గెస్ట్‌లో ఆ కబురు అందుకుని ర్యాండమ్ పూల్‌ను సరిచేసే డ్రైవర్ 2022లో 5.18 కెర్నల్‌తో వచ్చింది. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లూ స్నాప్‌షాట్లు తీస్తూ, వెనక్కి తిప్పుతూ, క్లోన్లు చేస్తూ ఉన్నది మనమే. డెవలపర్లను నిందించే ముందు, మనలో ఎంతమందిమి అది కావాలని అడిగామో చూసుకోవాలి.

వర్టియో ఆర్‌ఎన్‌జీ పరికరం తగిలించినవాళ్లు లేకపోలేదు. వాళ్లూ సగంలో వదిలారు. 2014కు ముందటి కెర్నళ్లలో వర్టియో ఆర్‌ఎన్‌జీ ఇచ్చినంత మాత్రాన చాలేది కాదు, గెస్ట్ లోపల ఆర్‌ఎన్‌జీడీ నడిపితేనే ఆ సంఖ్యలు పూల్‌లోకి చేరేవి. లోపల నడపకుండా, పరికరం కనిపిస్తోంది చాలనుకున్నాం. హోస్ట్ వైపు డెవ్ ర్యాండమ్‌ను చూపిస్తే, ఒక్క గెస్ట్ ఎడాపెడా లాగేసి హోస్ట్ పూల్ అడుగంటేది, పక్క గెస్ట్‌లు ఆగిపోయేవి. రేటు పరిమితి పెట్టుకునే వీలు లిబ్‌వర్ట్‌లో ఉంది. అది పెట్టకుండా పరికరాన్నే పీకేశాం. క్లౌడ్ నడిపే ఓపెన్‌స్టాక్‌లో ఫ్లేవర్ (మెషీన్ల నమూనా) తయారు చేసేవారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప గెస్ట్‌కు ఆర్‌ఎన్‌జీ దక్కేది కాదు; 2020 నాటి ఉస్సూరి విడుదలతో గానీ ఆ డిఫాల్ట్ మారలేదు. ఇక ఆర్‌డీర్యాండ్ సంగతి. లైవ్ మైగ్రేషన్‌కు అడ్డు రాకూడదని గెస్ట్‌లకు పాత ప్రాసెసర్ నమూనా చూపించాం. కేవీఎం64 లాంటి నమూనాలో ఆ ఇన్‌స్ట్రక్షనే ఉండదు. కింద చిప్‌లో ఉన్నది పైన గెస్ట్‌కు కనిపించకుండా మన చేతులతోనే దాచాం.

2013లో అమెరికా నిఘా రహస్యాలను బయటపెట్టిన స్నోడెన్ పత్రాల తర్వాత హార్డ్‌వేర్ ర్యాండమ్‌ను నమ్మవచ్చా అన్న చర్చ లేచింది. న్యాయమైన చర్చే. 2019లో కొత్తగా వచ్చిన ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లలో ఆర్‌డీర్యాండ్ ఎప్పుడడిగినా అన్నీ ఒకట్లున్న ఒకే సంఖ్య ఇచ్చిన ఉదంతం కూడా ఉంది. వీటి నుంచి నేర్చుకోవలసింది ఒకే మూలాన్ని నమ్మకూడదని, అన్నింటినీ కలపాలని. లైనక్స్ పూల్ చేసేది అదే. ఒక మూలం చెడ్డదైనా మిగతావి నిలబెడతాయి. మనం మాత్రం ఆ చర్చను సాకుగా వాడుకుని ఏ మూలమూ ఇవ్వకుండా కూర్చున్నాం. హోస్ట్ ఇచ్చేదాన్ని గెస్ట్ ఎలా నమ్మాలని వాదించినవాళ్లకు ఒకటే జవాబు. గెస్ట్ మెమరీ అంతా హోస్ట్ చేతిలోనే ఉంది. హోస్ట్‌ను నమ్మలేకపోతే ఆ గెస్ట్‌లో కీ పెట్టనే కూడదు.

చివరికి పరిస్థితి మెరుగైంది. 2019లో 5.4 కెర్నల్ తనకు తానే ప్రాసెసర్ కాలవ్యత్యాసాల నుంచి ఎంట్రపీ పుట్టించుకోవడం నేర్చుకుంది. 2020లో 5.6తో డెవ్ ర్యాండమ్ పాత పద్ధతిలో ఆగడం పోయింది. 2022లో జేసన్ డోనెన్‌ఫెల్డ్ ఆ కోడ్‌ను చాలావరకు తిరగరాశారు. ఇవి కెర్నల్ రాసేవాళ్లు చేసిన పనులు. ఇందులో మన పాత్ర లేదు. మనం చేయాల్సిన భాగం చేయకపోతే కూడా మెషీన్ నిలబడాలని వాళ్లు కష్టపడ్డారు. ఇప్పుడు అంతా సర్దుకుంది కదా అనేవారికి, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, పాత అప్లికేషన్ల కింద ఇంకా నడుస్తున్న 2.6, 3.10 కెర్నళ్లను చూపించగలను. వాటిని అలా నడుపుతున్నదీ మనమే.

తెలుగువాళ్లుగా ఇందులో మన వాటా చిన్నది కాదు. అమీర్‌పేటలో లైనక్స్, వీఎంవేర్, క్లౌడ్ కోర్సులు నేర్చుకుని ఈ రంగంలోకి వచ్చినవాళ్లం ఎంతోమందిమి. హైదరాబాద్‌లో కూర్చుని ఖండాల అవతలి సర్వర్లు చూసుకుంటున్నాం. కమాండ్లు మనకు నోటికొచ్చు. ఇంటర్వ్యూలో ఎల్‌వీఎం ఎలా పెంచాలో, ఐనోడ్ అంటే ఏమిటో అడుగుతాం. కీ ఎక్కడి నుంచి పుడుతుందని ఏ అభ్యర్థినీ అడగం, మనల్నీ ఎవరూ అడగలేదు. నేర్పినవాళ్లు చెప్పలేదని తప్పించుకోవడానికి లేదు. మనలో చాలామందిమి ఇప్పుడు నేర్పే స్థానంలో ఉన్నాం.

అందుకని ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. మీ గెస్ట్‌లో హెచ్‌డబ్ల్యూ ర్యాండమ్ డైరెక్టరీ కింద ఆర్‌ఎన్‌జీ కరెంట్ ఫైలు తెరవండి. వర్టియో ఆర్‌ఎన్‌జీ పేరు కనిపించకపోతే హోస్ట్ టీమ్ దగ్గరికి వెళ్లి ఆ నాలుగు లైన్లు రాయించండి, అది నా పని కాదన్న జవాబు ఒప్పుకోకండి. టెంప్లేట్ ఇమేజ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలూ ర్యాండమ్ సీడ్ ఫైలూ మిగిలి ఉంటే తుడిచేయండి. మీ నెట్‌వర్క్ మొత్తం మీద ఎస్‌ఎస్‌హెచ్ కీస్కాన్ నడిపి, వేలిముద్రలన్నీ వరసలో పెట్టి చూడండి; రెండు మెషీన్లకు ఒకటే వేలిముద్ర వస్తే అది క్లోన్ చేసినప్పుడు మనం వదిలేసిన తప్పే. యూర్యాండమ్ వైపు తిప్పిన ఆర్‌ఎన్‌జీడీ సెట్టింగు ఎక్కడున్నా తీసేయండి. ఇవన్నీ అయ్యాక, పరికరం లేని రోజుల్లో ఆ మెషీన్లలో పుట్టిన కీల జాబితా రాయండి. ఇప్పుడు తగిలించే పరికరం వాటిని బలపరచలేదు. వాటిని మార్చాల్సిందే.